చివర లేని వరస

అరకు,
1987 నవంబరు.

మా బుధు అన్నకి,

నువ్వు కులాసాగా ఉన్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను, అడిగినా నువ్వెలాగూ రాయవు కదా. దసరాకి రాసినదానికి జవాబు లేదు, అంతకుముందు రాసినదానికీ లేదు. దీనికి కూడా రాయకపోతే మాత్రం సెలవు పెట్టి డొంకరాయి వచ్చేస్తాను. నీ పవర్‌హౌస్ గేటు ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ నీ సంగతి చెప్పి నీ పరువు తీస్తాను. తమాషాకి అనడం లేదన్నా. నాకిక్కడ మతిపోతోంది, ఎవరికి చెప్పుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను.

మొన్న నాలుగో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే హెడ్మాస్టరు తాతారావుగారు గుమ్మంలోకొచ్చి, నాకోసం ఎవరో చైనా ఆవిడ వచ్చిందన్నారు. నాకోసం చైనా నుంచి ఎవరొస్తారు? నవ్వుతూనే బయటికి వెళ్ళాను. వరండాలో ఒక తెల్లటి అమ్మాయి, కత్తిరించిన జుట్టు, భుజాన సంచీ, కిరండూల్ పాసింజరు దుమ్మంతా మొహం మీదే ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు రాజులు గుంటవి కదా. నీ ముక్కు సీమిడి నానే తుడిసేదాన్ని" అంది. నా క్లాసు పిల్లలందరి ముందూ అంది. అదీ మన యాసలో, చిన్నపిల్ల మాట్లాడినట్టుగా.

ఎవరనుకున్నావు? అరియమ్మ. ఈ రైలు లైను వేసే రోజుల్లో వచ్చిన జపాను ఇంజనీరుగారి కూతురు. అసలు పేరు హరుయె, మనకి నోరు తిరక్క అరియమ్మ అనేవాళ్ళం. తల్లిలేని పిల్లని తండ్రి వెంట తెచ్చుకుంటే, ఆయనింట్లో వంట చేసే మన అమ్మే దాన్ని చంకనేసుకుని మన ఇంటికి తెచ్చేది. నాకు ఆ పిల్ల ఎర్ర బూట్లు తప్ప ఇంకేమీ గుర్తులేవు. నీకు బాగా గుర్తుండాలి, నీ భుజం మీదనుంచి దిగేది కాదని అమ్మ చెబుతుండేది. వచ్చిన కాసేపటికే అమ్మ ఏదని అడిగింది. పోయి నాలుగేళ్ళయిందని చెబితే స్కూలు మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తాతారావుగారు పాపం ఏం చెయ్యాలో తెలియక పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు.

సరే, ఏం చేస్తున్నావమ్మా అని అడిగాం. దానికి తెలిసిన కాస్త తెలుగూ, నాకొచ్చిన కాస్త ఇంగ్లీషూ కలిపి చెప్పుకున్నాం. టీవీకి ఒక పెట్టె తగిలిస్తారట. పిల్లలు మీటలు నొక్కుతుంటే తెరమీద బొమ్మ మనిషి గెంతుతాడట, గోతులు దాటతాడట, ఒక్కోసారి పడి చస్తాడట. వీడియో గేమ్. వైజాగులో ఒక కొట్లో పిల్లలు ఎగబడి ఆడుతుంటే నేనూ చూశాను. ఆ గెంతేవాడి వెనకాల మోగే పాట కట్టడం ఈమె ఉద్యోగం. దానికి జీతమిస్తారా అని తాతారావుగారు అడిగారు. ఇస్తారంది. ఆయన అప్పట్నుంచీ అదే ఆలోచనలో ఉన్నారు.

ఇంటికి తీసుకొచ్చాను. అయ్య వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తున్నాడు. ఈమధ్య ఆయాసం ఎక్కువైంది, నాలుగడుగులు వేస్తే కూర్చుంటాడు. అది "సుక్రు మావా" అని పిలవగానే ఎవరో గుర్తుపట్టి నోరారా నవ్వాడు, అమ్మ పోయాక అయ్య అలా నవ్వగా నేను చూడలేదు. అప్పుడు అరియమ్మ సంచీలోంచి టేపురికార్డరు తీసి, నేను కట్టిన పాట వినండి అని మీట నొక్కింది. మోరి కాదు, సన్నాయి కాదు, ఏ వాయిద్యమూ కాదు. రేడియో స్టేషను దొరక్క కూస్తుందే, అలాంటి గొంతు. కానీ అన్నా, అది మన ఇంటి వరస. అయ్య మోరి మీద ఊదిన వరస. అయ్య నవ్వు ఆగిపోయింది. లేచి, కర్ర కూడా తీసుకోకుండా కాఫీ తోటలోకి వెళ్ళిపోయాడు. పొద్దువాలినా రాలేదు, నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సొచ్చింది.

ఇప్పుడు చెప్పు, నేనేమనుకోవాలి? మోరి ఊదే ప్రతి ఇంటికీ ఒక సొంత వరస ఉంటుంది, ఇంటి మనిషికి తప్ప ఇవ్వరు, ఇచ్చినవాడు మళ్ళీ ఊదడు. ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసది. అరియమ్మ వాళ్ళు వెళ్ళిపోయిన ఏడు, వేటకెళ్ళే ఇటుకల పండక్కి అయ్య నీకు వరస ఇస్తాడని మగవాళ్ళంతా కొండ మీదికి వెళ్ళారు. ఆడవాళ్ళు ఆ చోటికి పోకూడదు కాబట్టి అమ్మా నేనూ ఇంట్లో ఉన్నాం. నువ్వొక్కడివే తిరిగొచ్చి, "నా కాడ నేదన్నాడు. సొంత కొడుకునైతే ఉండును" అని అమ్మతో అని, తెల్లారి బట్టలు మూటగట్టుకుని పోయావు. నాకప్పుడు ఐదేళ్ళు. అమ్మ ఈ మాటలు నాకెన్నిసార్లు చెప్పిందో. మొదటి మొగుడు పోయాక ఏడేళ్ళవాడివైన నిన్ను వెంటబెట్టుకుని రాజవొమ్మంగి నుంచి ఈ ఇంటికొచ్చింది. అయ్య నీకు జన్మ తప్ప మిగతాదంతా ఇచ్చాడు, ఆ వరస ఒక్కటీ ఇవ్వలేకపోయాడని కడదాకా కుమిలింది. ఆయన్ని మాత్రం ఒక్కమాట అడగలేదు.

తన దగ్గర లేదని నీకు చెప్పిన వరస ఆ జపాను పిల్లకి ఎలా ఇచ్చాడన్నా? నాకు అయ్య మీద ఒళ్ళు మండుతోంది. మరుక్షణం ఆయన ఆయాసం చూస్తే జాలేస్తోంది. ఆమె టూరిస్టు బంగళాలో దిగింది, మళ్ళీ వస్తానంది. రానివ్వనా, పొమ్మననా? బేగి రాయి.

నీ చెల్లెలు,
రాజులమ్మ

*

డొంకరాయి

రాజులమ్మకి,

ఉత్తరం అందింది. నాకు రాయడం రాదని తెలిసీ అంత పెద్ద ఉత్తరం రాస్తావు, చదవడానికే రెండు డ్యూటీలు పట్టింది.

ఆ పెద్దాయన ఎవరికి ఏమిచ్చుకున్నా నాకనవసరం. నేనిక్కడ మిషన్ల హోరులో పనిచేస్తున్నాను. ఏ వరసా వినపడదు, నాకు హాయిగా ఉంది. పాత సంగతులు తవ్వకు. అరియమ్మకి అన్నం పెట్టి మర్యాదగా రైలెక్కించు. పసిపిల్లప్పుడు మన ఇంట తిన్నది, దాన్నేమీ అనకు.

ఒక్క సంగతి మాత్రం చూసి రాయి. ఆ టేపులో వరసకి చివర ఉందా? ఉంటే సరే, నాకు ఇంకేమీ రాయక్కర్లేదు. లేకపోతే మాత్రం రాయి.

పెద్దాయనకి ఆయాసమైతే పాడేరు ఆస్పత్రికి తీసుకుపో.

బుధు

*

అరకు,
1987 డిసెంబరు.

అన్నకి,

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. ఎందుకడిగావో అర్థంకాక ముందు నిన్ను నాలుగు తిట్టాను. వరసకి చివర ఉందా అంటే నాకేం తెలుస్తుంది? నేనెప్పుడు విన్నాను? నాకు గుర్తున్నదల్లా ముక్కలు ముక్కలే. తిన్నగా అరియమ్మనే అడిగాను, నీ పాటకి చివర ఉందా అని. ఆమె మొహం పాలిపోయింది. "నేదు. దానికోసమే వచ్చినాను" అంది.

ఆరోజు కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పించాను. ఇక్కడినుంచి వెళ్ళాక వాళ్ళ ఊళ్ళో పియానో నేర్చుకుందట. ఎంత బాగా వాయించినా మాస్టరు తిట్టేవాడట, పాట అయిపోయాక కూడా ఆపవు, మళ్ళీ మొదటికొస్తావేమిటని. చదువయ్యాక ఆటలు తయారుచేసే కంపెనీలో చేరింది. ఆ పెట్టె చాలా బీదది అంది. దాంట్లో ఉన్నవి మూడే గొంతులట, నాలుగోది ఉస్సుమనే చప్పుడట. పెద్ద చదువులు చదివిన సంగీతం వాళ్ళు ఇంతలో ఏం కడతామని మొహం తిప్పుకున్నారట. ఈమెకి మాత్రం ఏమీ తక్కువనిపించలేదట. ఒక గొంతు మోరి, ఒక గొంతు కిరిడి డోలు, కిందిది తుడుం మోత, ఆ ఉస్సుమనేది మన ఆడవాళ్ళ అందెలు. ఇంకేం కావాలి, ధింసాకి అవి చాలు కదా అంది. నేను నోరు తెరుచుకుని విన్నాను.

ఆ పెట్టెలో చోటు కూడా తక్కువేనట. చిన్న పాటే పడుతుంది, అదే తిరిగి తిరిగి మోగాలి. పిల్లాడు గోతి దాటలేక గంటసేపు అక్కడే తచ్చాడినా వాడికి విసుగు రాకూడదు. ఈమె పాటలు ఎక్కడ మొదలైందీ ఎక్కడ మళ్ళిందీ తెలియకుండా తిరుగుతాయట, మన ధింసా గొలుసు ఒకళ్ళ నడుం ఒకళ్ళు పట్టుకుని తిరిగినట్టు. ఒక పత్రికవాళ్ళు అది ఆవిడ శైలి అని పొగిడి రాశారట. "శైలి కాదు రాజులూ. నాకు సివర తెలీదు, అంతే" అని నవ్వింది, కళ్ళలో మాత్రం నీళ్ళు. ఇప్పుడు కొత్త ఆట ఒకటి కడుతున్నారట. బొమ్మ మనిషి కొండలన్నీ దాటి ఇల్లు చేరతాడు. ఇల్లు చేరాక పాట ఆగాలి. అది ఎంత ప్రయత్నించినా రావట్లేదట, కట్టినవన్నీ చించేసిందట. ఇంకొకళ్ళకి అప్పగిస్తామని కంపెనీ అంటే, సెలవు పెట్టి ఇక్కడికొచ్చింది.

మా అయ్య నీకు సగమే ఎందుకు నేర్పాడని అడిగాను. నాకేసి వింతగా చూసింది. "మీ అయ్య కాదు. బుధన్న నేర్పినాడు" అంది. నువ్వు పశువులు మేపుతూ ఏటి గట్టున దాన్ని భుజం మీద కూర్చోబెట్టుకుని ఆకు మడిచి నోట్లో పెట్టుకుని ఊదేవాడివట, చివరికొచ్చేసరికి ఆపేసేవాడివట. మిగతాది నాకింకా ఇయ్యలేదు, ఇచ్చాక నీకు ఊదుతాననేవాడివట. ఇంకో సంగతి విను. ఆ ఆటల్లో కట్టినవాళ్ళ అసలు పేర్లు వెయ్యనివ్వరట, ఇంకో కంపెనీ ఎగరేసుకుపోతుందని భయం. అందరూ దొంగపేర్లు పెట్టుకుంటారు. ఈమె పెట్టుకున్న పేరు బుధు. జపానులో ఎంతమంది పిల్లలు ఆ ఆట గెలిచి తెరమీద ఆ పేరు చూసుంటారో నాకు తెలియదు. నువ్వు అంత పనిచేసి నాకు ఒక్కమాట చెప్పలేదు. అయ్యని నేను అన్యాయంగా తిట్టుకున్నాను.

అసలు సంగతి ఇంకా ఉంది, కుదురుగా కూర్చుని చదువు.

ఆదివారం అరియమ్మ మళ్ళీ మన ఇంటికొచ్చింది. అయ్య అరుగు మీద గోడకి జారబడి కూర్చున్నాడు. తిన్నగా వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, వరసకి చివర కావాలని అడిగింది. అయ్య కర్ర పక్కన పెట్టి తిన్నగా కూర్చున్నాడు. తర్వాత, "నా కాడ నేదు" అన్నాడు.

నీకన్న మాటే. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే మాట, అదే మనిషి నోట. కోపంతో అయ్యని ఏదో అనబోయాను. ఈలోగా అరియమ్మ, పాపం దానికేం తెలుసు, పోయిన వస్తువు ఎక్కడుందని అడిగినంత మామూలుగా, "మరెవులి కాడుంది?" అని అడిగింది.

అయ్య గట్టిగా ఊపిరి పీల్చాడు. ఆ మొహం నువ్వు చూసుండాల్సింది. కళ్ళు పెద్దవి చేసి, "బుధు కాడుంది" అన్నాడు. అని ఏడ్చాడన్నా. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. నేనూ అరియమ్మా చెరోపక్కా పట్టుకుని కూర్చున్నాం. ఏమైందో మాకు అర్థం కాలేదు.

కాస్త తేరుకున్నాక అడిగితే చెప్పాడు. వరస ఇచ్చే పద్ధతే అదట. ఇచ్చేవాడు "నా కాడ నేదు" అనాలి. తీసుకునేవాడు "మరెవులి కాడుంది?" అని అడగాలి. అప్పుడు ఇచ్చేవాడు "నీ కాడుంది" అని, మామూలప్పుడు ఊదని చివర ఒక్కసారి ఊది వినిపించి, మోరి వాడి చేతుల్లో పెట్టి, ఇంక జన్మలో ఊదడు. "నా కాడుంది తీసుకోరా అంటే అది దానం సేసినట్టు. ముందే ఆడిదని ఆడి సేతే అడిగించాల" అన్నాడు అయ్య. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరట. చిన్నప్పుడు తాత తండ్రికిస్తుంటే మగపిల్లలు పక్కన నిలబడి చూస్తారు, అలా తెలుస్తుంది. నువ్వు ఏడేళ్ళకి ఈ ఊరొచ్చావు. అప్పటికే అయ్యకి తాత ఇవ్వడం అయిపోయింది. నువ్వు చూడలేదు. చూడలేదన్న సంగతి అయ్యకి తట్టలేదు. నువ్వు ఈ ఇంట్లోనే పుట్టినట్టు ఆయన అనుకున్నాడు. అందుకే తట్టలేదన్నా, ఇంకెందుకూ కాదు.

అందరి ముందూ ఆ మాట అని, నువ్వు అడుగుతావని మోరి చేతిలో పట్టుకుని ఎదురుచూశాడట. నువ్వు అడగకుండా కొండ దిగిపోయావు. అడగకపోతే వద్దన్నట్టే లెక్క. "నాకు నీ వరస అక్కరనేదు, నాను నీ కొడుకుని కాదని పదిమందిలో సెప్పీసి ఎల్లిపోనాడు అనుకున్నాను" అన్నాడు. వద్దనిపించుకున్న వరస గురించి ఆ ఇంటివాళ్ళ ముందు ఎవరూ ఎత్తకూడదట. ఊరంతా నోరు మూసుకుంది. అమ్మకి తెలిసే దారే లేదు, ఆడమనిషి, పైగా పైఊరిది. ఒకే పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ ఈయన నీకు ఇవ్వలేదని కుమిలింది, ఈయన నువ్వు తీసుకోలేదని కుమిలాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. తప్పెవరిదని వెతుకుతాను, ఎవరూ దొరకరు.

వరసని చూరులో దాచిన మోరితో సహా అలాగే ఉంచాడు. ఎవరికీ ఇవ్వలేదు, తనూ ఊదలేదు. నీదైపోయిందని. ఆయాసం చూసి డాక్టరు మోరి ముట్టుకోవద్దన్నాడు. అయ్య మాత్రం, "ఒక్కపాలి ఊదనాకి ఉంది ఊపిరి, దాసినాను" అంటున్నాడు.

అరియమ్మకి ఇదంతా చెప్పాను. ఇంక చివర అడగనంది. అది బుధన్నది, ఆయన ఊదితే వింటాను, లేకపోతే నా ఆటలో ఇల్లు చేరాక పాటే ఉండదు, ఊరికే కోడి కూస్తుంది అంది. వచ్చే ఆదివారం రైలుకి టిక్కెట్టు తీసుకుంది. నేను నిన్ను రమ్మని బతిమాలను, ఇన్నేళ్ళూ బతిమాలి అలిసిపోయాను. నువ్వు ఒక్క మాట అడగాలి. అడగడానికి నీకు నోరు రాకపోతే నాకు రాసెయ్యి, ఇంక ఎదురుచూడొద్దని అయ్యకి నేనే చెబుతాను.

నీ చెల్లెలు,
రాజులమ్మ

*

డొంకరాయి

రాజులూ,

నీ ఉత్తరం చదివి డ్యూటీలో తప్పు మీట నొక్కబోయాను. పక్కనున్న వరహాలరావు చెయ్యి పట్టుకున్నాడు. ఏటైందిరా అన్నాడు. ఏం చెప్పను? నేను ఒక్క మాట అడగలేదని ఇరవై ఏళ్ళు పోయాయని చెప్పనా? వాడు నవ్వుతాడు. నాకే నమ్మకం కలగడం లేదు.

ముందు కోపమొచ్చింది. నాకు తెలియదని ఆయనకి తెలియదా, ఇంత దూరం వచ్చి ఒక్కసారి చెబితే ఏం పోయిందని. అమ్మ దహనం రోజున కూడా ఒకే చితికి రెండువైపులా నిలబడ్డాం. అప్పుడైనా అనొచ్చు కదా. తర్వాత నా సంగతి గుర్తొచ్చింది. నేనేమైనా అడిగానా? అడిగితే మళ్ళీ నేదంటాడని భయం. రెండోసారి వినలేననుకున్నాను. ఆ రోజు కొండ మీద ఆయన మోరి నావైపే చాపి ఉన్నాడు రాజులూ. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే కనపడుతోంది. లేదన్నవాడు చెయ్యెందుకు చాపాడని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

టేపులో చివర లేదని రాశావు చూడు, అక్కడే నాకు సగం బరువు దిగింది. ఉండుంటే ఆయన దానికిచ్చినట్టు. లేదంటే అది నా ఆకు మీద పాటే. నా పేరు టీవీలో వేసిందా ఆ పిల్ల? వెర్రి గుంట. నాకు తెలిసినంత ఊదాను, తెలియనిది తర్వాత ఊదుతానని మాటిచ్చాను. చిన్నపిల్ల కదా, మర్చిపోతుందనుకున్నాను. దాన్ని టిక్కెట్టు మార్చుకోమను. చివర నాకు అందితే, ఏటి గట్టుకి తీసుకెళ్ళి మొదటినుంచీ ఊదుతాను. ఆకు మీద నాకింకా వస్తుందో రాదో మాత్రం చెప్పలేను.

సెలవు దొరికింది. శుక్రవారం బస్సుకి బయల్దేరుతున్నాను. ఘాట్‌రోడ్డు మీద ఎక్కడ ఆగిపోతుందో, ఎప్పటికి చేరుస్తుందో చెప్పలేం, ఆయన ఊపిరి సంగతీ చెప్పలేం. అందుకని నేనొచ్చేలోగా ఈ కింది ముక్క ఆయన దగ్గర కూర్చుని చదివి వినిపించు. నీ గొంతుతో కాదు, నేనన్నట్టు చదువు. మోరి చూరులోంచి దించి ఆయన ఒళ్ళో పెట్టి చదువు. జవాబు నీకు చెప్పనివ్వకు, నాకే చెప్పమను.

అయ్యా, నాను బుధుని. ఆ రోజు అడగనేదు, ఇప్పుడడుగుతున్నాను. నీ కాడ నేకపోతే, మరెవులి కాడుంది?

ఇట్లు,
సుక్రు కొడుకు
బుధు